వీణ పాఠం తెగకుండా: ఫైబర్ రాకముందే రూటర్ ఎంచుకునే పద్ధతి

మాది విజయనగరంలో దాసన్నపేట వైపు పాత పెంకుటిల్లు. నేను వీణ నేర్పుతాను. ఒకప్పుడు పిల్లలందరూ ఇంటికే వచ్చి చాప మీద కూర్చుని నేర్చుకునేవారు. ఇప్పుడు సగంమందికి పైగా తెరలోంచే. డాలస్‌లో ఉన్న అమ్మాయికి వేసవిలో రాత్రి ఏడున్నర అయితే నాకిక్కడ మర్నాడు పొద్దున్న ఆరు. ఆ గంటసేపు నెట్ తెగకూడదు. రాగి తీగ మీద వచ్చే పాత బ్రాడ్‌బ్యాండ్ మానేసి ఫైబర్ పెట్టించుకునేటప్పుడు ఏ రూటర్ కొనాలి, అసలు కొనాలా, ఎక్కడ పెట్టాలి అన్న విషయాలన్నీ కూర్చుని నేర్చుకున్నాను. మా వీధిలోనూ, మా సంగీతం కాలేజీ స్నేహితుల్లోనూ ఇదే ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. కంపెనీవాళ్ళు వంద, రెండు వందలు, మూడు వందలు అంటూ స్పీడు అమ్ముతారు. మనకి కావలసింది నిలకడ. ఒక మంచి వీడియో కాల్‌కి పైకి (మనం పంపేది) 4 ఎంబీపీఎస్, కిందికి (మనకి వచ్చేది) 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. వంద ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఇంటిల్లిపాదీ వాడుకున్నా ఇంకా మిగులుతుంది. అయినా పాఠం మధ్యలో మాట ముక్కలవుతోందంటే, చాలాసార్లు తప్పు వీధి స్తంభం దాకా వచ్చిన తీగలో ఉండదు. ఇంట్లోకి వచ్చాక ఆ చివరి పది మీటర్లలో ఉంటుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఊపుతూ పట్టుకుంటాం కదా, ఆ ఊపులో రెండు తునకలు దారిలో పడిపోతే అవతలి పిల్ల పడిపోయిన గాంధారాన్నే నేర్చుకుంటుంది. మళ్ళీ దాన్ని దిద్దడానికి నెల పడుతుంది. అందుకే రూటర్ మీద నాకింత పట్టింపు.

రూటర్ బాగుచెయ్యలేనిది కూడా ఒకటుంది. విజయనగరం నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. వెళ్ళి రావడానికి తక్కువలో తక్కువ 140 మిల్లీసెకన్లు. సముద్రం కింద తీగలు తిన్నగా ఉండవు, దారిలో యంత్రాలు ఉంటాయి, కాబట్టి నిజంగా అంతకన్నా ఎక్కువే అవుతుంది. ఎంత ఖరీదు రూటర్ కొన్నా ఇద్దరం కలిసి ఒకే తాళంలో వాయించలేం. నేను వాయిస్తాను, ఆ పిల్ల విని వాయిస్తుంది. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే మనిషి దానికి అలవాటు పడిపోతాడు. ఒకసారి 220, ఒకసారి 500 అంటూ ఊగితేనే పాఠం నడవదు. ఆ ఊగుడు మాత్రం మన చేతిలో ఉంది.

రెండు పెట్టెల సంగతి

ఫైబర్ తీగని తీసుకెళ్ళి మామూలు రూటర్‌కి గుచ్చలేం. తీగలో వచ్చేది వెలుగు. దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె వేరే ఉంటుంది, దాన్ని ఓఎన్‌టీ అంటారు. కంపెనీవాళ్ళే తెస్తారు. మన దగ్గర ఇచ్చే ఓఎన్‌టీల్లో చాలావాటికి లోపలే వైఫై ఉంటుంది. అంటే ఓఎన్‌టీ, రూటర్ రెండూ ఒకే పెట్టెలో.

అందుకని చిన్న ఇల్లు, రెండు మూడు గదులు, పలచని గోడలు అయితే ముందే పరుగెత్తి రూటర్ కొనకండి. వాళ్ళిచ్చిన పెట్టెని మంచి చోట పెట్టి కొన్నాళ్ళు వాడి చూడండి. చాలామందికి అదే సరిపోతుంది. మాలాంటి పాత ఇళ్ళవాళ్ళకీ, మేడ ఉన్నవాళ్ళకీ, ఇంటినుంచి పని చేసేవాళ్ళకీ మాత్రం విడిగా రూటర్ పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. దానికి ఇంకో కారణం కూడా ఉంది. రేపు కంపెనీ మారితే వాళ్ళ పెట్టె వాళ్ళకి ఇచ్చేస్తాం, మన రూటర్ మనకుంటుంది. ఇంట్లో ఫోన్లూ టీవీ కెమెరాలూ మళ్ళీ ఒక్కొక్కదాన్నీ కలుపుకునే పని తప్పుతుంది.

ఫారం మీద సంతకం పెట్టే ముందు కంపెనీవాళ్ళని ఇవి అడగండి. మీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా? అంటే అది వెలుగుని మార్చే పని మాత్రం చేసి, మిగతా పెత్తనమంతా మన రూటర్‌కి వదిలేస్తుందా అని. పెడతామంటే లాగిన్ అవడానికి పీపీపీఓఈ అనే పద్ధతి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయా, వీల్యాన్ నంబర్ (రూటర్‌లో వెయ్యాల్సిన లైను గుర్తు అంకె) ఏమైనా ఉందా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ల్యాండ్‌లైన్ కూడా ఇస్తున్నారా? ఇస్తే ఆ ఫోను వాళ్ళ పెట్టె వెనకాలే గుచ్చాలి, కాబట్టి ఆ పెట్టె ఎలాగూ ఉండాల్సిందే. అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్ అంతే ఉంటుందా? ఇది తప్పకుండా అడగాలి. పాత రాగి లైనులో పైకి వెళ్ళేది 1 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయేది, పాఠాలు తెగడానికి సగం కారణం అదే. పెట్టెకి డిపాజిట్టా, అద్దెనా అన్నది కూడా తేల్చుకోండి. ఇంట్లో కెమెరా ఉండి దాన్ని ఊరినుంచి చూసుకోవాలనుకునేవాళ్ళు, మాకు విడి ఐపీ (నెట్‌లో మన ఇంటి చిరునామా) ఇస్తారా, పదిమందికీ కలిపిన ఐపీనా అని కూడా అడగాలి. నాకు ఆ అవసరం లేదు.

బ్రిడ్జ్ మోడ్ కుదరదంటే గాభరా పడక్కర్లేదు. వాళ్ళ పెట్టెలో వైఫై ఆపించేసి, మన రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై పంచే పని మాత్రమే చేసేలా పెట్టి, రెండింటినీ తీగతో కలిపితే చాలు. పాఠం నడుస్తుంది. ఒక్క సదుపాయం మాత్రం పోతుంది, దాని సంగతి కింద చెబుతాను. రెండు పెట్టెలూ రూటర్ పని చేస్తూ ఒకదాని వెనక ఒకటి కూర్చుంటేనే ఒక్కోసారి చిక్కులు వస్తాయి.

చోటు ముందు, రూటర్ తరవాత

మా ఇల్లు ఈ జిల్లాలోని పాత ఇళ్ళలాగే వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధి అరుగు, వీధి గది, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, అన్నీ ఒకదాని వెనక ఒకటి. పక్కింటికీ మాకూ గోడ ఒకటే. గదుల మధ్య గోడలు సున్నంతో కట్టినవి, మూరెడు మందం. వెనకవైపు తరవాత వేసిన శ్లాబు గది, దాని మీద మేడగది. వీధి చప్పుడు వినబడదని నేను పాఠాలు చెప్పేది ఆ మేడగదిలో. ఫైబర్ వచ్చేదేమో వీధి స్తంభం మీంచి, ముందువైపు నుంచి. ఆ చివర పెట్టె పెడితే ఈ చివరికి నాలుగు గోడలూ ఒక శ్లాబూ దాటి సిగ్నల్ రావాలి. శ్లాబులో ఇనప చువ్వల వల ఉంటుంది. దాన్ని దాటేసరికి సిగ్నల్ నీరసించిపోతుంది.

రూటర్ కొనకముందే ఇల్లు కొలిచే పద్ధతి ఒకటి చెబుతాను. పైసా ఖర్చు లేదు. ఒక ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టండి. సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ అని ఉంటే అది ఎంచుకోండి. ఆ ఫోన్ని మీరు రూటర్ పెట్టాలనుకుంటున్న చోట, ఆ ఎత్తులోనే, స్టూలు మీదో అలమర మీదో ఉంచండి. రెండో ఫోన్లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఒకటి వేసుకుని గదిగదికీ తిరగండి. అందులో డీబీఎం అని మైనస్ అంకె కనిపిస్తుంది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే పాఠానికి పనికిరాదు, వాట్సాప్ మెసేజీలకి సరిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కి రూటరంత బలం ఉండదు కాబట్టి అసలు రూటర్ పెట్టాక అంకెలు ఇంకొంచెం మెరుగ్గా వస్తాయి. కానీ ఏ గోడ ఎంత మింగుతోందో మాత్రం ఇప్పుడే తెలిసిపోతుంది. మా ఇంటి గదుల బొమ్మ ఒక కాగితం మీద గీసుకుని అంకెలన్నీ అందులో వేశాను. హాట్‌స్పాట్ వీధి గదిలో ఉంటే వంటింట్లోనే మైనస్ 78. నట్టింట్లోకి మార్చితే వీధి గదిలోనూ వంటింట్లోనూ అరవైల్లోకి వచ్చింది. మేడగది మాత్రం ఎక్కడ పెట్టినా ఎనభై దాటే ఉంది. ఆ ఒక్క కాగితంతో నిర్ణయం అయిపోయింది. ఫైబర్ నట్టింటిదాకా రావాలి, మేడ మీదికి విడిగా తీగ వెయ్యాలి.

నట్టింట్లో కూడా ఇనప బీరువా పక్కన వద్దు. ఇనుము సిగ్నల్‌ని అడ్డంగా తిప్పేస్తుంది. పెద్ద అద్దం, ఫ్రిజ్ కూడా అంతే. టీవీ కింద తలుపులున్న చెక్క అరలో పెట్టి మూసేస్తే మన ఎండల్లో పెట్టె కాగిపోతుంది. మనిషి తల ఎత్తులో, నాలుగువైపులా గాలి ఆడేచోట, దగ్గర్లో రెండు ప్లగ్గులు ఉండేలా చూడండి. ప్లగ్గులు లేకపోతే కరెంటు పనివాణ్ణి ఫైబర్ లైన్‌మన్ కన్నా ముందే పిలవాలి.

లైన్‌మన్లు పాపం రోజుకి బోలెడు కనెక్షన్లు ఇవ్వాలి. గుమ్మం దాటగానే ముందు కనిపించిన గోడకి పెట్టె బిగించేస్తామంటారు. మా ఇంటికి వచ్చిన అబ్బాయీ అంతే. "ఏటమ్మా, ఇక్కడే పెట్టీనా? సిగ్నల్ ఇల్లంతా వచ్చీస్తాదమ్మా" అన్నాడు. నేను కాగితం చూపించాను. "బాబూ, నట్టింట్లో ఈ మూలకి రావాలి. దూలం వెంబడి తీగ తెచ్చుకో, మేకులు నేను సిద్ధంగా ఉంచాను" అన్నాను. అతను అంకెలు చూసి తల ఊపి మారు మాట్లాడకుండా తెచ్చాడు. ముందే దారి చూసి పెట్టుకుంటే వాళ్ళకీ పని సులువు. స్తంభం నుంచి మీరనుకున్న మూల దాకా ఎన్ని మీటర్లు పడుతుందో కొలిచి, కనెక్షన్ రాయించేటప్పుడే చెప్పండి. చాలినంత తీగ తెచ్చుకుంటారు.

తీగ ఇంట్లోకి తెచ్చేటప్పుడు రెండు సంగతులు దగ్గరుండి చూసుకోవాలి. మొదటిది వంపు. లోపల ఉన్నది గాజు. మూల దగ్గర తీగని మడిచి సుత్తితో మేకు కొడితే వెలుగు అక్కడే కారిపోతుంది. మిగిలిన తీగని చుట్టగా చుట్టి పెట్టేటప్పుడు చేతి గాజు కన్నా ఇరుకుగా చుట్టనివ్వకండి. రెండోది, స్తంభం నుంచి వచ్చే తీగకి ఆసరాగా ఒక ఇనప తీగ అంటుకుని ఉంటుంది. దాన్ని ఇంటి బయటే విడదీసి కొక్కేనికి కట్టెయ్యాలి, లోపలికి తేకూడదు. గాజులో పిడుగు రాదు, ఇనుములో వస్తుంది.

పెట్టె బిగించాక చూడాల్సింది ఒకటుంది. లైన్‌మన్ దగ్గర తీగలో వచ్చే వెలుగు బలాన్ని కొలిచే, చేతిలో ఇమిడే పవర్ మీటర్ ఉంటుంది. తీగ చివర దానికి గుచ్చి చూపించమనండి. మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 27 అన్నది అంచు, అక్కడ ఉంటే వానకో గాలికో లైను పడిపోతుంది. మాకు మైనస్ 19 వచ్చింది. మైనస్ 25 దాటి చూపిస్తే, ఎక్కడో వంపో మురికి పట్టిన జాయింటో ఉందన్నమాట, మళ్ళీ చెయ్యమని మర్యాదగా అడగండి. ఆ అంకె రాసి పెట్టుకుంటే తరవాత ఎప్పుడైనా తేడా వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు. తీగ చివర ఆకుపచ్చ కనెక్టర్ ఉంటుంది. దాన్ని వేలితో ముట్టుకోవద్దు. కంటికి ఆనించి అసలు చూడొద్దు. అందులోని వెలుగు మన కంటికి కనిపించదు గానీ ఉంటుంది.

అట్టపెట్టె మీది అంకెలు

ఇప్పుడు రూటర్ సంగతి. దుకాణంలో పెట్టె మీద ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్3000 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో దారుల్లో నడుస్తుంది, వాటిని బ్యాండ్లంటారు. పక్కనున్న అంకె ఆ రెండింటి స్పీడునీ కలిపిన రమారమి కూడిక. ఏసీ1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867. ఏఎక్స్1500 అంటే 300, 1201. ఒక ఫోన్ ఒకసారి ఒకే బ్యాండ్ మీద ఉంటుంది కాబట్టి ఆ కూడిక ఎవరికీ అందేది కాదు. పైగా అది గాలిలో లెక్క. చేతికొచ్చేది అందులో సగం, మహా అయితే మూడింట రెండొంతులు.

అసలు చూడవలసిన అంకె పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోర్టులు 10/100 అని ఉన్నాయా, 10/100/1000 అని ఉన్నాయా? మొదటి రకమైతే మీరు ఏ ప్లాన్ తీసుకున్నా తీగలోంచి 94 ఎంబీపీఎస్ దాటి రాదు. రెండు వందల ప్లాన్‌కి డబ్బు కట్టి సగం గుమ్మంలోనే వదిలేసినట్టు. ఒకే కంపెనీ ఒకే అంకెతో రెండు రకాలూ అమ్ముతుంది. టీపీ-లింక్ ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండింటి మీదా ఏసీ1200 అనే ఉంటుంది. సీ50 పోర్టులు వందవి, సీ6 పోర్టులు గిగాబిట్‌వి. దుకాణదారుకి ఈ తేడా తెలియకపోతే మీరే పెట్టె తిప్పి చదవండి. కంపెనీ ఇచ్చే ఓఎన్‌టీకి కూడా ఇదే ప్రశ్న వెయ్యండి. కొన్నింటిలో ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది, రూటర్ తీగ దానికే గుచ్చాలి.

ఇవాళ కొత్తగా కొనేవాళ్ళకి నేను చెప్పేది వైఫై 6, రెండు బ్యాండ్లు, అన్నీ గిగాబిట్ పోర్టులు. ఏఎక్స్1500 గానీ ఏఎక్స్1800 గానీ చాలు. వైఫై 6లో మంచిగుణం ఏమిటంటే, ఇంట్లో ఫోన్లూ టీవీ కెమెరాలూ అన్నీ ఒకేసారి అడిగినప్పుడు, ఒక్కొక్కరినీ వరసలో నిలబెట్టకుండా ఒకే విడతలో కొందరికి పంచి ఇవ్వగలదు. వైఫై 5 మెరుగుదలలన్నీ 5 గిగాహెర్ట్జ్‌కే. వైఫై 6 వచ్చాక 2.4కి కూడా అందాయి. మందపు గోడలు దాటేది ఆ 2.4 కాబట్టి మా పాత ఇళ్ళకి ఇది ముఖ్యం. వైఫై 7 రూటర్లు కూడా వస్తున్నాయి. మీ ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో అది లేకపోతే దానికి పెట్టే డబ్బు ఇప్పుడు వృథా. ఆ డబ్బు తీగ మీద పెట్టండి.

కొమ్ములెన్ని ఉంటే అంత బలం అనుకుంటారు చాలామంది. గాలిలోకి ఎంత శక్తి వదలాలన్నదానికి ప్రభుత్వం హద్దు పెట్టింది. నాలుగు కొమ్ములున్నా ఎనిమిదున్నా ఆ హద్దు లోపలే. కొమ్ములు చూసి కొనకండి.

ఇంకొకటి చూడాలి: ఆ కంపెనీ తన రూటర్లకి కొత్త ఫర్మ్‌వేర్ (రూటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఇస్తూ ఉంటుందా అని. వాళ్ళ సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిచి చివరి అప్‌డేట్ తేదీ చూడండి. రెండు మూడేళ్ళుగా ఏమీ లేకపోతే ఆ మోడల్‌ని వదిలెయ్యండి. ఇంట్లో అందరి బ్యాంకు లావాదేవీలూ ఆ పెట్టె గుండానే పోతాయి.

మేడ మీదికి తీగ

రిపీటర్ అని ప్లగ్గుకి గుచ్చే చిన్న పెట్టె అమ్ముతారు. చవక, సులువు. కానీ అది వినడానికీ తిరిగి చెప్పడానికీ ఒకే బ్యాండ్ వాడితే స్పీడు సగానికి పడిపోతుంది, ఆలస్యం పెరుగుతుంది. సినిమా చూసుకునేవాళ్ళకి ఫరవాలేదు. పాఠం చెప్పేవాళ్ళకీ, ఇంటర్వ్యూలకి కూర్చునే పిల్లలకీ నేను వద్దంటాను. మెష్ అని రెండు మూడు పెట్టెల జత దొరుకుతుంది. అది మంచిదే, అయితే వాటి మధ్య కూడా తీగ ఉంటేనే పూర్తి లాభం.

మేము నట్టింటి నుంచి మేడగదికి క్యాట్6 అనే నెట్ తీగ లాగించాం. పెరటి గోడ వెంబడి పైపులోంచి. అక్కడ రెండో పెట్టెని యాక్సెస్ పాయింట్‌గా పెట్టాం. నా ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ పెట్టె వెనక పోర్టు నుంచి నేరుగా తీగే. పాఠం సమయంలో వైఫై వాడను. కొత్త ల్యాప్‌టాప్‌లకి తీగ గుచ్చే పోర్టు ఉండదు. యూఎస్‌బీకి గుచ్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది, అది కూడా గిగాబిట్ అని చూసి కొనండి.

తీగ కొనేటప్పుడు పూర్తి రాగి అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవగ్గా అమ్ముతారు, నాలుగు రోజులు వంచితే విరుగుతాయి. లోపల నాలుగు జతలూ ఉండి, ఎనిమిది తీగలూ రెండు చివర్లా బిగించి ఉండాలి. రెండు జతలే కలిపితే పని చేస్తున్నట్టే ఉంటుంది గానీ వంద దగ్గర ఆగిపోతుంది. వంద మీటర్ల దాకా ఈ తీగకి ఢోకా లేదు. ఇంట్లో పెళ్ళికో పండక్కో సున్నాలు వేయిస్తుంటే ఆ అదనుకే పైపు వేయించేసుకోండి.

పాఠం జరుగుతుండగా ఎవరో ఫొటోలు పంపితే

ఇది చాలామందికి తెలియని విషయం. లైను మంచిది, సిగ్నల్ మంచిది, అయినా ఉన్నట్టుండి మాట తెగుతుంది. కారణం, కింద గదిలో ఎవరి ఫోనో పెళ్ళి వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటుంది. పైకి వెళ్ళే దారి నిండిపోయి, నా పాఠం తునకలు ఆ వరసలో వెనక నిలబడతాయి. కనిపెట్టడం సులువే. ల్యాప్‌టాప్‌లో 8.8.8.8 అనే గూగుల్ చిరునామాకి పింగ్ (వెళ్ళి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో చూపే పరీక్ష) పెట్టి ఉంచి, ఫోన్లోంచి పెద్ద వీడియో ఒకటి ఎక్కించండి. ఇరవై ముప్పైలో ఉన్న అంకె రెండు మూడు వందలకి ఎగబాకితే జబ్బు ఇదే.

దీనికి మందు రూటర్‌లోనే ఉంటుంది, కాబట్టి కొనేముందే చూడాలి. క్యూఓఎస్ అన్న సదుపాయం ఉందా, అందులో ఒక పరికరానికి మొదటి పీట వెయ్యొచ్చా అన్నది. దాంట్లో అప్‌లోడ్ హద్దుని మీకు నిజంగా వస్తున్న దానికన్నా పదో వంతు తగ్గించి రాయాలి. అలా రాస్తే వరస కంపెనీ పెట్టెలో కాకుండా మన రూటర్‌లో ఏర్పడుతుంది, ఎవరిని ముందు పంపాలో మనం చెప్పొచ్చు. ఎస్‌క్యూఎం అనే ఇంకా మంచి పద్ధతి ఉన్న రూటర్లూ ఉన్నాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోగలిగిన మోడళ్ళలో దొరుకుతుంది. ఇంట్లో కంప్యూటర్ చదివిన పిల్లలుంటే వాళ్ళకి ఈ పేరు చెప్పండి, చాలు. రూటర్ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంటే మాత్రం ఇవి పని చెయ్యవు, అందుకే బ్రిడ్జ్ మోడ్ గురించి ముందే అడగమన్నాను.

సాయంత్రం ఎనిమిది తొమ్మిదింటికే నెమ్మదిస్తుంటే అది మన రూటర్ లోపం కాకపోవచ్చు. వీధిలోకి వచ్చిన ఒక్క ఫైబర్‌నీ 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. ఇలా పంచే జీపాన్ అనే పద్ధతిలో ఆ ఇళ్ళన్నింటికీ కలిపి కిందికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25. రూటర్ మార్చేముందు ల్యాప్‌టాప్‌ని తీగతో కలిపి వేర్వేరు వేళల్లో స్పీడు చూసి, ఫిర్యాదు కంపెనీకే చెయ్యండి.

సంగీతం వాళ్ళకి మాత్రం ఒక మాట: నెట్ అంతా బాగున్నా వీణ నాదం మింగేసినట్టు వినిపిస్తే, జూమ్ సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ పెట్టి చూడండి. అది లేకపోతే నిలిచి మోగే తీగని ఫ్యాన్ చప్పుడనుకుని అణిచేస్తుంది.

కరెంటూ గాలివానా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం మీద తిత్లీ తుపాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవాళ్ళకి కరెంటు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫైబర్‌లో ఒక సౌకర్యం ఉంది: వీధిలో తీగకి కరెంటు అక్కర్లేదు. ఎక్స్ఛేంజీలో బ్యాకప్ ఉండి, మన ఇంట్లో పెట్టెలు వెలుగుతుంటే, ఊరంతా చీకటైనా నెట్ వస్తుంది. కాబట్టి ఓఎన్‌టీ, రూటర్ రెండింటికీ బ్యాకప్ కావాలి. ఒక్కదానికి పెడితే లాభం లేదు.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఆ లైనులో ప్లగ్గు వేయించుకోండి. ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలో రూటర్ ఆగి మళ్ళీ లేచే ఇళ్ళు కూడా ఉన్నాయి. లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, పాఠం పోతుంది. అలాంటిచోట రూటర్ కోసమే అమ్మే చిన్న యూపీఎస్ మంచిది. కొనేముందు రెండు అడాప్టర్లనీ తిప్పి చూడండి, 12 వోల్టులు 1 ఆంపియర్, 12 వోల్టులు 2 ఆంపియర్లు, ఇలా రాసి ఉంటుంది. వోల్టులు అచ్చంగా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. గుచ్చే పిన్ను లావు కూడా కలవాలి. రూటర్ ఎంచుకునేటప్పుడే 12 వోల్టులది చూసుకుంటే ఈ యూపీఎస్ తేలిగ్గా దొరుకుతుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గులు పీకేసి యూపీఎస్ మీదే నడపండి.

పెట్టిన రోజు చెయ్యవలసినవి

రూటర్ రాగానే దాని అడుగున స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ మార్చండి. రూటర్‌లోకి వెళ్ళే పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు, రెండూ మార్చాలి, రెండూ ఒకటే పెట్టకూడదు. వైఫైకి వేసే తాళం పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. పాస్‌వర్డ్ టైపు చెయ్యకుండా బటన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. ఇంటికొచ్చే పిల్లలకీ చుట్టాలకీ గెస్ట్ నెట్‌వర్క్ పేరుతో వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. 2.4లో మన చుట్టుపక్కల ఎవరు ఏ ఛానెల్లో ఉన్నారో ఆ ఎనలైజర్ యాప్‌లోనే కనిపిస్తుంది. 1, 6, 11 ఈ మూడింట్లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి, మధ్యవి వద్దు. గోడలు కలిసిన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు, పక్కింటి రూటర్ మన నట్టింట్లోనే ఉన్నంత గట్టిగా వినిపిస్తుంది.

పాత కనెక్షన్ అదే రోజు తీయించెయ్యకండి. ఒక నెల రెండూ ఉంచుకుని, కొత్తది ఉదయం, సాయంత్రం, వానలో ఎలా ఉందో చూసి అప్పుడు రద్దు చేయించండి. పాత మోడెం తిరిగి ఇచ్చేటప్పుడు, దాని అడుగున ఉన్న సీరియల్ నంబర్ వేయించి రసీదు తీసుకోండి. డిపాజిట్ వెనక్కి అడగడానికి అదే కావాలి.